మాట నిలబెట్టిన మన రుద్రమ



పోయిన నెల వ్యాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్‌లో సెవెంత్ క్లాస్ పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాను. లాయల్టీ అనే మాట మీద ఐదు వాక్యాలు రాయమన్నాను. ఇంగ్లీష్‌లో రాయాలి, కింద తెలుగు అర్థం కూడా ఇవ్వాలి. సగానికి పైగా పిల్లలు కుక్క గురించి రాశారు. ఒకబ్బాయి సూపర్ మార్కెట్ కార్డులో పడే పాయింట్ల గురించి రాశాడు. తప్పని కొట్టేయలేకపోయాను, ఆ కార్డు మీద ఆ మాటే ఉంటుంది కదా! తెలుగు అర్థం దగ్గర చాలామంది విధేయత అని రాశారు. అంటే చెప్పిన మాట వినడం. ఒకమ్మాయి మాత్రం నమ్మకం అని రాసి, దాన్ని కొట్టేసి, మళ్లీ అదే రాసింది.

ఆ కొట్టివేత నా మనసులో ఉండిపోయింది. విశ్వాసంగా ఉండడమంటే చెప్పినట్టు వినడమేనా? మనం పిల్లలకు ఇంట్లో, బడిలో నేర్పేది అదేనా? మంచి ఉదాహరణ కోసం వెతికితే ఎక్కడికీ వెళ్లనక్కర లేకపోయింది. మన స్కూల్ బస్సులు రోజూ ఆమె విగ్రహాల ముందు నుంచే పోతాయి. రుద్రమదేవి.

మీలో చాలామందికి రుద్రమదేవి అంటే సినిమా గుర్తొస్తుంది. పిల్లలకైతే ఇంకా ఎక్కువ. మా క్లాసులో గోన గన్నారెడ్డి పేరు తెలియని పిల్లవాడు లేడు. గణపతిదేవుడి పేరు మాత్రం ఇద్దరే చెప్పారు. కాబట్టి కథను గణపతిదేవుడి దగ్గర మొదలుపెడతాను. నిజానికి ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ వంశం ఓరుగల్లులో నిలబడిందే ఒక మనిషి నమ్మకం మీద.

గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవుల మీద యుద్ధానికి వెళ్లి అక్కడే చనిపోయాడు. యువకుడైన గణపతి శత్రువులకు బందీగా చిక్కాడు. ఓరుగల్లులో సింహాసనం ఖాళీ. చుట్టూ ఉన్న సామంతులు ఎవరికి వారు రాజులైపోవాలని చూస్తున్నారు. అప్పుడు సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని పట్టి నిలిపాడు. సైన్యం ఆయన చేతిలో ఉంది, అడిగేవాడు లేడు. కూర్చుంటే ఆయనే రాజు. కూర్చోలేదు. యాదవరాజు గణపతిని విడిచిపెట్టాక, రాజ్యం ఆయన చేతికే వచ్చింది. గణపతిదేవుడి పాలన 1199లో మొదలై ఆరు దశాబ్దాలకు పైగా సాగింది. ఈ రేచర్ల రుద్రుడు మీకు కొత్తవాడు కాదు. ఆదివారం పిల్లలతో టిఫిన్ బాక్సులు కట్టుకుని రామప్పకు వెళ్తారు కదా, 1213లో ఆ గుడి కట్టించింది ఆయనే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. గుడిని చూపించేటప్పుడు, ఇది సింహాసనం ఎక్కే అవకాశం వచ్చినా ఎక్కని మనిషి కట్టించిన గుడి అని కూడా పిల్లలకు చెప్పండి.

అలా నిలబడ్డ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల రుద్రమ. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుళ్లలో గణపాంబను ధరణికోట పాలకుడు కోట బేతరాజుకు ఇచ్చి చేశాడు. భర్త పోయాక ఆమె ఆ ప్రాంతాన్ని తానే పాలించింది, ఆయన పేరు నిలిచేలా గుళ్లు కట్టించింది. రుద్రమను మాత్రం తండ్రి రాజ్యానికి సిద్ధం చేశాడు. శాసనాల్లో ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగ పేరు. సభకు మగ వేషంలోనే వచ్చేదని చెబుతారు. నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడితో పెళ్లి చేశారు. ముగ్గురు కూతుళ్లు పుట్టారు. 1260 ప్రాంతంలో తండ్రి బతికుండగానే ఆమె పాలన బాధ్యతలు తీసుకోవడం మొదలైంది.

ఇక్కడ ఆగి ఒక శాసనం గురించి చెప్పాలి. యుద్ధాలకన్నా ఇదే నాకు ఎక్కువ ఇష్టం. క్లాసులో కూడా దీని మీదే ఎక్కువసేపు మాట్లాడాను, సిలబస్ కొంచెం వెనకబడింది.

గుంటూరు జిల్లాలో మల్కాపురం అనే ఊరుంది. అక్కడ నంది ఉన్న పెద్ద రాతిస్తంభం మీద 1261 నాటి శాసనం ఉంది. గణపతిదేవుడికి విశ్వేశ్వర శివాచార్యులనే గురువు ఉండేవాడు. ఆయనకు కృష్ణా నదికి దక్షిణాన మందడం అనే ఊరిని ఇస్తానని రాజు నోటిమాటగా చెప్పాడు. కాగితం లేదు, రాయి లేదు, సంతకం లేదు. మాట మాత్రమే ఉంది. పనుల్లో పడి అది అలాగే ఉండిపోయింది. రుద్రమ చేతికి అధికారం వచ్చాక ఆ మాటను చెల్లించింది. తండ్రి చెప్పిన మందడంతో పాటు వెలగపూడి అనే ఊరిని కూడా కలిపి ఇచ్చింది. ఆ వెలగపూడిలోనే ఈరోజు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది.

ఆ ఊళ్ల ఆదాయంతో ఏం నడిచిందో వింటే మీరు కూడా ఆశ్చర్యపోతారు. అక్కడ ఒక మఠం, దానికి అనుబంధంగా బడి ఉన్నాయి. వేదాలు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం చెప్పే గురువులకు జీవనం ఏర్పాటు చేశారు. గర్భిణుల కోసం ప్రసూతిశాల, జబ్బుపడ్డ వాళ్ల కోసం ఆరోగ్యశాల ఉన్నాయి. వైద్యుడికి, లెక్కలు రాసే మనిషికి కూడా భూములు కేటాయించారు. అన్నసత్రంలో ఏ కులం వాళ్లు వచ్చినా, ఏ వేళ వచ్చినా లేదనకుండా పెట్టాలని రాతి మీదే రాయించారు. ఇదంతా ఏడువందల అరవై ఏళ్ల కిందటి సంగతి.

గురువు గట్టిగా అడిగే రకం కాకపోతే ఆ మాటను మరిచిపోవడం ఎంత తేలిక! తండ్రికి వయసు మీద పడింది. కొత్తగా వచ్చిన కూతురికి సొంత కష్టాలున్నాయి. ఆయన అన్నాడేమో, నాకు తెలియదు అంటే కాదనేవాడు లేడు. మనలో ఎంతమందిమి మన అమ్మానాన్నలు ఎవరికో ఇచ్చిన మాటలను మన ఖాతాలో వేసుకుంటాం? మా ఇంట్లో ఒకటుంది. మా తాత తన పాలేరు కూతురి పెళ్లికి సాయం చేస్తానని చెప్పి, ఆ పెళ్లి కుదరకముందే పోయాడు. తాత ఏమన్నాడో విన్నది మా బాపు ఒక్కడే. పెళ్లి కుదిరిన ఏడాది పత్తి ధర పడిపోయి మా ఇంట్లో కూడా కటకటగానే ఉంది. అయినా బాపు ఇచ్చివచ్చాడు. నాకు బీఈడీ ఫీజు కట్టాల్సిన ఏడాది కూడా అదే. ఆరోజు నాకు చాలా కోపం వచ్చింది. మల్కాపురం శాసనం చదివిన రోజు ఆ కోపం గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

రుద్రమకు అధికారం వచ్చిన సమయం కూడా మంచిది కాదు. పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు దక్షిణం నుంచి వచ్చి నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాకతీయ సైన్యాన్ని ఓడించాడు. 1263 ప్రాంతం సంగతి ఇది. ముసలి గణపతిదేవుడు ఆ దెబ్బ తర్వాత మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. ఒక ఆడమనిషి కింద పనిచేయడం కొందరికి నచ్చలేదు. సొంతవాళ్లే తిరగబడ్డారని తర్వాతి కాలపు ప్రతాపచరిత్ర కథలు చెబుతుంది. ఆ కథలకు శాసనాల్లో సాక్ష్యం లేదు కాబట్టి వాటి పేర్లు పిల్లలతో బట్టీ పట్టించలేదు. పక్కన నిలబడ్డ వాళ్లకు మాత్రం సాక్ష్యాలున్నాయి. రామప్ప కట్టించిన రేచర్ల పేరే మళ్లీ వినిపిస్తుంది. రేచర్ల ప్రసాదిత్యుడికి కాకతీయ రాజ్యాన్ని నిలబెట్టినవాడన్న బిరుదు ఉండేదని వెలుగోటివారి వంశావళి చెబుతుంది. కాయస్థ జన్నిగదేవుడు, గోన గన్నారెడ్డి లాంటి వాళ్లు ఆమె వైపు ఉన్నారు. వాళ్లను ఆమె పెద్ద పెద్ద ప్రాంతాలకు పంపి, పూర్తి అధికారం ఇచ్చింది. నమ్మితే పూర్తిగా నమ్మింది.

దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి వచ్చాడు. తాతను చంపిన వంశం, తండ్రిని బంధించిన వంశం. వాళ్లను రుద్రమ సైన్యం వెనక్కి తరిమింది. ఆ విజయానికి సాక్ష్యంగా బీదర్ కోటలో ఆమె సామంతుడి శాసనం దొరికింది. ఆమెకు రాయగజకేసరి అనే బిరుదు ఉంది, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం. ఖిలా వరంగల్‌లో స్వయంభూ దేవాలయానికి ఆమె రంగమండపం కట్టించింది. సింహం మీద కూర్చున్న యోధురాలి శిల్పం అక్కడిదే. మీరు ఫొటోలు దిగే తోరణాల మధ్యలో ఒకప్పుడు ఉన్న గుడి అదే. రాతికోట గోడ ఎత్తు పెంచి, సైనికులు లోపలి నుంచి ఎక్కేందుకు మెట్లు కట్టించింది కూడా ఆమేనని చెబుతారు. అన్నట్టు, పక్కనున్న ఖుష్ మహల్ రుద్రమది కాదు, కాకతీయుల తర్వాతి కాలానిది. పిల్లల ప్రాజెక్టుల్లో ఏటా అది రుద్రమ అంతఃపురం అయిపోతోంది, దయచేసి ఇంట్లో సరిదిద్దండి.

ఆ దశాబ్దాల్లోనే మార్కోపోలో అనే వెనిస్ వర్తకుడు మన తీరానికి వచ్చాడు. మోటుపల్లి రేవు ఉన్న ఈ రాజ్యాన్ని ఒక రాణి పాలిస్తోందని, ఆమె న్యాయం తప్పనిదని, సాలెగూడులాంటి సన్నని బట్టలు, వజ్రాలు ఇక్కడ దొరుకుతాయని తన యాత్రా గ్రంథంలో చెప్పాడు. కానీ ఒక పొరపాటు చేశాడు. ఆమె చనిపోయిన రాజుకు భార్య అని, భర్త మీది ప్రేమతో మళ్లీ పెళ్లి చేసుకోకుండా నలభై ఏళ్లుగా రాజ్యం నడుపుతోందని అనుకున్నాడు. ఆడమనిషి సింహాసనం మీద ఉంటే అది భర్త కుర్చీయే అయి ఉంటుందని ఆయన లెక్క. ఆమె కూర్చున్నది తండ్రి కుర్చీలో. ఈ మాట చెప్పగానే మా క్లాసులో ఆడపిల్లలు బల్లలు చరిచారు. పక్క క్లాసు సార్ వచ్చి చూసి వెళ్లారు.

మోటుపల్లి గురించి ఒక మాట. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి, న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టుకోమని వర్తకులకు మాట ఇచ్చాడు. ఊరూ పేరూ తెలియని పరదేశికి ఇచ్చిన మాట అది. మార్కోపోలో నాటికి కూడా ఆ రేవు పచ్చగా ఉందంటే, ఆ మాట కూతురి కాలంలోనూ చెల్లిందన్నమాట.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తాను. విశ్వాసం గురించి చెబుతూ ద్రోహం గురించి చెప్పకపోతే పిల్లలు మనల్ని నమ్మరు.

జన్నిగదేవుడి పేరు పైన చెప్పాను. గణపతిదేవుడు పైకి తెచ్చిన గంగయ సాహిణి కుటుంబం అది. జన్నిగదేవుడు, ఆ తర్వాత అతని తమ్ముడు త్రిపురారి కాకతీయుల తరఫున దక్షిణ ప్రాంతాన్ని చూసుకున్నారు. 1272లో మూడోవాడు అంబదేవుడు వచ్చాడు. రాను రాను ఓరుగల్లుకు లోబడడం మానేశాడు. చుట్టుపక్కల కాకతీయ నాయకులను ఒక్కొక్కరినే ఓడించాడు, పాండ్యులతో, యాదవులతో స్నేహం చేశాడు. కడప దగ్గరి వల్లూరు నుంచి సొంతంగా ఏలసాగాడు. మరి అంబదేవుడు విలనా మిస్ అని ఒకబ్బాయి అడిగాడు. అతను తనను అలా అనుకోలేదు. 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తన గెలుపులన్నీ గర్వంగా చెప్పుకున్నాడు. సమర్థుడే. కానీ అతని అన్నలకు ఆ సైన్యాన్ని, ఆ నేలను ఇచ్చింది ఎవరు? నేను విలన్ అనలేదు, కాదని కూడా అనలేదు. ఆ అబ్బాయికి నా జవాబు నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది. గత డిసెంబర్‌లో నాకు హైదరాబాద్ నుంచి వేరే స్కూల్ వాళ్లు ఫోన్ చేశారు. జీతం ఇక్కడికన్నా బాగా ఎక్కువ, కానీ జనవరిలోనే చేరాలన్నారు. టెన్త్ పిల్లలకు పరీక్షలు రెండున్నర నెలల్లో ఉన్నాయి. నేను వెంటనే వద్దన్నానని గొప్పగా రాయలేను. రెండు రాత్రులు క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. ఏప్రిల్ దాకా ఆగితే వస్తానన్నాను, వాళ్లు ఆగలేదు. మే నెలలో తమ్ముడి ఫీజు కట్టేటప్పుడు కొంచెం బాధపడ్డాను కూడా. ఈ సంగతి ప్రిన్సిపల్ మేడమ్‌కు అప్పుడే చెప్పాను కాబట్టి ఇక్కడ రాయడానికి భయం లేదు. ఉద్యోగం మారడం ద్రోహం కాదు. మీలో ఎంతోమంది మారి ఉంటారు, మారాలి కూడా. కానీ మధ్యలో చేయి వదిలేస్తే ఎవరు పడిపోతారో చూసుకోవడం వేరే సంగతి.

రుద్రమ అప్పటికి అమ్మమ్మ. పెద్ద కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని రాజ్యానికి తయారు చేసింది. తండ్రి తనను ఎలా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడో అలాగే మనవడికి నేర్పింది. ఆ వయసులో ఓరుగల్లు కోటలో కూర్చుని సైన్యాన్ని పంపితే ఎవరూ తప్పుపట్టరు. కానీ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే సేనాని మల్లికార్జున నాయకుడితో పాటు ఆమె కూడా ప్రాణాలు వదిలిందని చరిత్రకారులు భావిస్తున్నారు.

వాళ్లు అలా భావించడానికి కారణం ఒక చిన్న రాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో దొరికింది. పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు దాన్ని వెలుగులోకి తెచ్చేదాకా రుద్రమ ఎప్పుడు చనిపోయిందో కచ్చితంగా తెలియదు, 1295 దాకా ఉందనుకునేవారు. ఆ రాయి మీద తేదీ 1289 నవంబర్ 27కి సరిపోతుంది. రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు ఇద్దరూ శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నామని అందులో ఉంది.

ఆ రాయి వేయించింది ప్రతాపరుద్రుడు కాదు. మంత్రులు కాదు, బిరుదులున్న సామంతులు కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసిన మనిషి.

మా క్లాసులో చందుపట్ల రాయి ఫొటో చూపించినప్పుడు పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. శిల్పాలు లేవు, సింహం లేదు. ఇంత పెద్ద రాణికి ఇంత చిన్న రాయా అన్నారు. అప్పుడు ఒక లెక్క వేయించాను. ముమ్మడికి ఈ పని చేయమని ఎవరు చెప్పి ఉంటారు? యజమాని లేడు, రాణి లేదు. గెలిచింది అంబదేవుడు. మెచ్చుకుని జీతం పెంచేవాళ్లు లేరు. ఉన్న భూమిలోంచి కొంత దేవుడికి పోయింది. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయి, నమ్మకం అని రాసి కొట్టేసి మళ్లీ రాసిన పిల్ల, లేచి నిలబడింది. ముమ్మడి ఆ రాయి వేయించకపోతే రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసేది కాదు కదా మిస్ అని అడిగింది. తెలిసేది కాదన్నాను.

రెండేళ్లకు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపి అంబదేవుణ్ణి ఓడించాడు. 1323లో ఢిల్లీ సైన్యం వచ్చేదాకా ఓరుగల్లును ఏలింది ఆయనే.

వచ్చే నెల రెండో శనివారం సెవెంత్, ఎయిత్ క్లాస్ పిల్లలను ఖిలా వరంగల్‌కు తీసుకెళ్తున్నాం. అనుమతి పత్రం డైరీలో అతికించాం, సంతకం చేసి సోమవారంలోగా పంపండి. టోపీ, నీళ్ల సీసా, పులిహోర లాంటి పాడవని తిండి పెట్టండి. పిల్లలకు ఈసారి ఒక హోంవర్క్ కూడా ఉంది. ఇంట్లో తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల్లో ఎవరినైనా అడిగి, మీ ఇంటి పెద్దలు ఎవరికైనా ఇచ్చిన ఒక మాట ఏమిటో, అది చెల్లిందో లేదో అరపేజీ రాసుకురావాలి. తెలుగులో రాసినా మార్కులు వేస్తాను. చెల్లని మాటలకు కూడా.